సర్ఫు, వేపనూనె, మా నాన్న

మన ధవళేశ్వరం హాస్టల్లో బట్టలారేసే తీగల పక్కనున్న పొట్టి కొబ్బరి చెట్లు పాత విద్యార్థులకు గుర్తుండే ఉంటాయి. మేము పదో తరగతిలో ఉన్న 2018లో ఆ తీగల మీద ఏం ఆరేసినా సాయంత్రానికి జిగురు పట్టేది. కొద్దిరోజులకు ఆకులు మసి పూసినట్టు నల్లబడ్డాయి. తిప్పి చూస్తే అడుగున తెల్లటి మైనపు చుట్లు. 2016లో తమిళనాడులోని పొల్లాచిలో బయటపడి, మన కడియం నర్సరీలకూ కోనసీమ తోటలకూ పాకిన సర్పిలాకార తెల్లదోమ అది. ఆకు రసం పీల్చి జిగురు వదులుతుంది, దాని మీద మసిబూజు పెరుగుతుంది.

మేమే వైద్యం మొదలుపెట్టాం. బకెట్ నీళ్లలో గుప్పెళ్లకొద్దీ సర్ఫు గుమ్మరించి, మిట్టమధ్యాహ్నం అందిన ఆకులన్నిటికీ కొట్టాం. దోమ చావలేదు గానీ పక్కనున్న మందార ఆకులు మాడాయి. వార్డెన్ గారి చీవాట్లు సరేసరి.

ఆ ఆదివారం మా నాన్న వచ్చారు. నర్సరీల్లో మందు కొట్టే కూలీ ఆయన. చొక్కా నిండా మందు వాసన. ఆ వాసనకు సిగ్గుపడి ఎప్పుడూ గేటు దగ్గరే మాట్లాడి పంపేసేవాళ్లం. ఆరోజు ఆయనే లోపలికొచ్చి ఆకు తిప్పి చూశారు.

"ఉత్త నీళ్లు మైనం మీద నిలవవురా. నూనె పడాలి."

లీటరు నీటికి పది గ్రాముల సర్ఫు, పది మిల్లీలీటర్ల వేపనూనె. ముందు కాసిని నీళ్లలో సర్ఫు గిలకొట్టి, నూనె కొద్దికొద్దిగా పోస్తూ పాలలా తెల్లబడేదాకా కలిపించారు. తర్వాతే మిగతా నీళ్లు. ఎండ తగ్గాక, ఆకు అడుగున తగిలేలా ఆయనే కొట్టారు. మా వాళ్లంతా "బాబాయ్ గారూ" అంటూ చుట్టూ మూగారు. మేము మాత్రం కాస్త దూరంగానే నిలబడ్డాం.

ఇప్పుడు ఎమ్మెస్సీ కెమిస్ట్రీలో తెలిసింది: సర్ఫు నీటి తలతన్యతను తగ్గించి మైనాన్ని తడుపుతుంది, నూనె పురుగు ఊపిరి రంధ్రాలను మూసేస్తుంది. విషంతో పనిలేదు. పైగా విషపు మందు కొడితే, తెల్లదోమ పిల్లల్లో గుడ్లు పెట్టి వాటిని చంపే ఎన్కార్సియా అనే మన మిత్ర కీటకమూ పోతుంది.

అయితే ఇంకొకటీ తెలిసింది. మలాథియాన్ లాంటి మందులు క్షారంలో విరిగిపోతాయి. సర్ఫులో ఉండేది సోడాయే. ఆకుకు అంటుకుంటుందని నాన్న ఏళ్ల తరబడి అలాంటి మందుల్లోనూ సర్ఫు కలిపేవారు. పొద్దున్న కలిపింది సాయంత్రం దాకా కొట్టేవారు.

సంక్రాంతి సెలవుల్లో ఈ సంగతి భయపడుతూనే చెప్పాం. కాసేపు మాట్లాడలేదు.

"అంటే సాయంత్రానికి మందులో పస ఉండేది కాదన్నమాట. నా చేతుల మీద దద్దుర్లు మాత్రం తగ్గలేదేంరా?"

జవాబు మా దగ్గర లేదు. తెల్లారాక మందు సీసాలన్నీ తెచ్చి ముందు పెట్టారు, వేటిలో సర్ఫు కలపకూడదో రాయమని. ఆయనకు చదువు రాదు. అందుకని ఆ సీసాల మీద సర్ఫు ప్యాకెట్ బొమ్మ గీసి, అడ్డంగా గీత కొట్టాం.