తీగె, దూది, మా బాపు

బట్టలు నానబెట్టే ముందు పిల్లల జేబులు తడమడం మనందరికీ అలవాటే కదా. బస్సు టికెట్లు, చిల్లర పైసలు, పెన్ను మూతలు దొరుకుతాయి. మానుకోటలో ఉండే మా అక్కకు మాత్రం కొడుకు ప్యాంటు జేబులో ఒక చిన్న రేకు డబ్బా దొరికింది. లోపల స్ప్రింగులా చుట్టిన సన్నటి తీగెలు నాలుగు, కాస్త దూది, గడియారాలు బాగుచేసేవాళ్ళ దగ్గర ఉండేలాంటి బుల్లి స్క్రూడ్రైవర్. వాడు హైదరాబాద్ హాస్టల్లో ఉండి ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. అక్క ఫోటో తీసి జనగామలో ఉన్న నాకు పంపింది, "చూడవే, ఇంటికొచ్చినా ప్రాజెక్టు గోలే వీడికి" అని మురిసిపోతూ.

నాకు దూది దగ్గర అనుమానం వచ్చింది. ప్రాజెక్టులో దూదికేం పని? కాసేపు వెతికితే తెలిసింది. ద్రవాన్ని ఆవిరి చేసి పీల్చే ఈ-సిగరెట్ ఉంటుంది చూడండి, పిల్లలు వేప్ అంటారు, అందులో వేడెక్కే భాగమట. పేరు అటామైజర్. చాలామంది తయారుగా ఉన్నదే కొంటారు. కొందరు తీగె చుట్టడం, దూది మార్చడం అన్నీ సొంతంగా చేసుకుంటారు. మావాడు రెండో రకం.

దసరాకు ఎలాగూ అందరం భూపాలపల్లి పోతాం. "ఆ డబ్బా నీ సంచిలో వేసుకొని రా, అక్కడ మాట్లాడదాం" అని మాత్రం అక్కకు చెప్పాను.

మా బాపు సింగరేణిలో చేసి రిటైరయ్యాడు. మా చిన్నప్పుడు క్వార్టర్లో కరెంటు పొయ్యి ఉండేది. మేం హీటర్ అనేవాళ్ళం. పింగాణీ పళ్ళెం గాడుల్లో నిక్రోమ్ తీగె చుట్టలు చుట్టలుగా ఉండేది. పాలు పొంగాయంటే ఠప్పున తెగేది. బాపు స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకి, తెగిన కొసలు రెండూ మెలేసి మళ్ళీ గాడిలో కూర్చోబెట్టేవాడు. అతుకు పడ్డకొద్దీ తీగె పొట్టిదయ్యేది, పొయ్యి ఇంకా ఎర్రగా మండేది, ఇంకా తొందరగా తెగేది. అమ్మ తిట్లు వేరే.

సద్దుల బతుకమ్మ మర్నాడు బాపు ఆ డబ్బా తెరిచి, ఒక తీగెను వెలుతురుకు పెట్టి చూశాడు.

"ఇది హీటర్ తీగెనే కదరా. ఎన్ని చుట్లు?"

తిడతాడనుకుని తల దించుకున్నవాడు కాస్తా లేచి కూర్చున్నాడు. "ఆరు తాతా."

"తగ్గిస్తే?"

"రెసిస్టెన్స్ తగ్గుతది. బ్యాటరీ నుంచి కరెంటు ఎక్కువ గుంజుతది."

లెక్క కూడా వాడే చెప్పాడు. 3.7 వోల్టుల బ్యాటరీకి 0.5 ఓమ్ తీగె పెడితే 7.4 ఆంపియర్లు. అదే 0.1 ఓమ్ అయితే 37. అంత కరెంటుకు చాలా బ్యాటరీలు తట్టుకోవు, వేడెక్కి పేలనూ వచ్చు. అది పెట్టుకునేదేమో ప్యాంటు జేబులో.

"ఒక్కోసారి మాడు వాసనొస్తది, గొంతు మండుతది. ఎందుకో పట్టుకోలేకపోతున్న" అన్నాడు మళ్ళీ, అదేదో ల్యాబులో సందేహమైనట్టు.

"దూది బిగించి కూరుతున్నవేమోరా" అన్నాను, కూరగాయలు తరుగుతూనే. కుందిలో వత్తి బిరుసుగా పేనితే నూనె పైకి ఎక్కదు, వత్తే కాలుతుంది. ఇదీ అంతే. "పిన్నీ, నీకెట్ల తెలుసు?" అని నోరు తెరిచాడు.

అయితే ఆ మాడు వాసన వట్టి దూదిది కాదు. ఆ ద్రవంలో గ్లిజరిన్ ఉంటుంది. అది అతిగా కాగితే అక్రోలిన్ అనే ఘాటు వాయువు పుడుతుంది. పొయ్యి మీద నూనె పెట్టి మరిచిపోతే కళ్ళు మండించేది కూడా అదే. మనం కిటికీలు తెరిచి బయటికి ఉరుకుతాం, వీడు దాన్ని ఊపిరితిత్తుల్లోకి పీలుస్తున్నాడు. తీగెలోని నికెల్, క్రోమియంలాంటి లోహాల జాడలు కూడా ఆ ఆవిరిలో దొరికాయట పరీక్షల్లో.

"సిగరెట్ మానెయ్యడానికే పిన్నీ ఇది కనిపెట్టింది" అన్నాడు. నిజమే, 2003లో దీన్ని తయారుచేసిన చైనా ఫార్మసిస్టు హాన్ లిక్ సిగరెట్లు బాగా తాగేవాడే. మావాడు అంతకుముందు ఏ సిగరెట్ తాగాడని మానడానికి?

2019లో కేంద్రం చట్టం తెచ్చింది. తయారీ, దిగుమతి, అమ్మకం అన్నీ నేరం. మొదటిసారి దొరికితే ఏడాది వరకు జైలు, లేదా లక్ష వరకు జరిమానా, లేదా రెండూ. "తాగేటోళ్ళకు శిక్ష లేదు" అన్నాడు వీడు. లేదు సరే, దొంగచాటుగా కొన్న సీసాలో ఏముందో, నికోటిన్ ఎంతుందో చెప్పేదెవరు? నాకు నిజంగా కోపం వచ్చింది ఆ సీసా చూశాకే. మామిడిపండు వాసన. వాడి బ్యాగు జిప్పు తీసే ఉంది, పక్కనే మా తమ్ముడి మూడేళ్ళ పాప ఆడుకుంటోంది. ఆ వయసు పిల్లలు నికోటిన్ ద్రవం కొంచెం మింగినా ప్రాణం మీదికి వస్తుంది. సీసా తీసి బీరువాలో పెట్టి తాళం వేశాను.

అక్క ఏడుస్తూనే ఉంది. బాపు మాత్రం తన సంగతి చెప్పుకొచ్చాడు. "బాయిల దిగేముందు జేబులు తడిమేటోళ్ళు. బీడీ, అగ్గిపెట్టె ఉంటే లోపటికి పోనియ్యరు, గ్యాస్ అంటుకుంటది. షిఫ్టు మొత్తం ఆగేటోణ్ణి. నువ్వు ఎన్ని గంటలు ఆగుతవురా?"

వాడు చాలాసేపు మాట్లాడలేదు. "క్లాసు మధ్యల బాత్రూంకు పోత తాతా" అన్నాడు చివరికి.

అక్క ఏడుపు ఆగిపోయింది ఆ మాటకు.

పొగాకు మానాలనుకునేవాళ్ళకు కేంద్ర ఆరోగ్యశాఖ ఉచిత నంబరు ఒకటుంది, 1800-11-2356. మీకూ పనికొస్తుందేమో రాసి పెట్టుకోండి. వాడు హాస్టలుకు వెళ్ళే ముందు నా ఎదుటే ఫోన్లో సేవ్ చేసుకున్నాడు. రోజూ ఫోన్ చేసి "తాగావా?" అని అడగొద్దని అక్కకు గట్టిగా చెప్పాను. తిన్నావా అని అడుగు, చాలు.

మొన్న ఆదివారం వాడే ఫోన్ చేశాడు, మళ్ళీ తాగానని. అక్క ఆ సంగతి బాపుకు చెప్పి కళ్ళు తుడుచుకుందట.

"ఎన్ని దినాలు ఆపిండు?" అని అడిగాడట బాపు.

"పదకొండు."

"నయమే. నాకు మొదటిసారి మూడే."