గడువు తీరిన కాగితము

మా యింటి బీరువాలో పుస్తకములకును, పట్టుచీరలకును, పిల్లల జాతకములకును వేరువేరుగా చోటు కలదు. బండి కాగితములకు మాత్రము లేదు. అవి యెక్కడనో భద్రముగా నున్నవని తలచి గత యాషాఢము వరకు నేను నిశ్చింతగా నుంటిని.

2025 జూలైలో నొకనాటి సాయంకాలము మావారు బడినుండి స్కూటరుపై వచ్చుచుండగా, పాతగాజువాక చేరువను సందులోనుండి వేగముగా వెలువడిన కారొకటి వారిని పడద్రోసెను. ఓడరేవు లారీలు, పెద్దపెద్ద ట్రైలరులు తిరుగు త్రోవ యది. వెనుక నట్టిదేదియు రాకుండుట నా మంగళసూత్రపు బలమే యనుకొంటిని. కబురందగానే పరుగెత్తి చూతును గదా, వారి కుడికాలు వంకరగా పడియున్నది. ఎవరో పుణ్యాత్ములప్పటికే 108కు ఫోను చేసియుండిరి.

కారు నడిపినవాడు పాతికేండ్లవాడు. ఉక్కు కర్మాగారములో కాంట్రాక్టు కూలి. “అమ్మా, బండికి ఇన్సూరెన్సు లేదు. కేసు పెట్టకండి. 10,000 ఇప్పుడే తెచ్చి ఇస్తాను” అని చేతులు జోడించి యేడ్చెను. మూగినవారిలో నొక పెద్దమనిషి, ఇకపై మాకెట్టి హక్కును లేదని యొక కాగితము వ్రాసి నా చేతికిచ్చి, “కోర్టుల చుట్టూ తిరిగితే ఏళ్ళు పడుతుంది తల్లీ, వచ్చింది పుచ్చుకో” అని హితవు చెప్పెను. ఆ మాట యసత్యము కాదు. ఐనను ఎముక యెన్ని ముక్కలైనదో వైద్యుడు చూడకముందే దానికి ధర కట్టుట నాకు నచ్చలేదు. సంతకము చేయనైతిని. కారు నంబరును, అది నిలిచిన చోటును ఫోనులో ఫొటోలు తీసితిని. టీకొట్టు యజమానియు, పండ్లమ్ము నామెయు తాము చూచితిమని పేర్లు చెప్పిరి. ఆ రాత్రియే పోలీసు స్టేషనులో ఫిర్యాదు వ్రాయించి నకలు పుచ్చుకొంటిని.

మరునాడు వారు మా బండి కాగితములను గూడ నడిగిరి. బీరువా యంతయు వెదుకగా చీరల యడుగున దొరకినవి. బీమా తేదీ చూచునప్పటికి నా గుండె ఝల్లుమన్నది. సుప్రీంకోర్టు ఆజ్ఞ ననుసరించి 2018 సెప్టెంబరు నుండి క్రొత్త ద్విచక్రవాహనములకు థర్డుపార్టీ బీమా ఐదేండ్లకు ఒక్కసారిగా కట్టించుకొనుచున్నారు. 2020 ఫిబ్రవరిలో స్కూటరు కొన్నప్పుడు మేమట్లే కట్టితిమి. ఏటేట కట్టు నలవాటు లేకపోవుటచే ఐదేండ్లు గడచిన సంగతియే మరచితిమి. గడువు తీరి ఐదు నెలలైనది!

మావారు మంచముపై నుండి, “మనమును ఆతనివంటివారమే. ఏ మొగముతో అడుగుదుము? రాజీపడుదము” అనిరి. నాకు ఆదిపర్వములోని మాండవ్యుని కథ జ్ఞప్తికి వచ్చినది. బాల్యమున పురుగులను పుల్లతో గ్రుచ్చిన పాపమునకు పెద్దయైన పిదప ఆ మునికి కొఱతశిక్ష కలిగినది. పదునాలుగేండ్లలోపు చేసినది పాపము కాదని యాయన యమునికే కట్టడి చేసెను. నాకా వయసు దాటి యిరువదేండ్లైనది కావున ఆ మినహాయింపు దొరకదు.

వకీలు మా సంశయము తీర్చెను. మా తప్పునకు మొదటిసారి 2,000 రూపాయల జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండును విధింపవచ్చునట. కాని దానివలన పరిహారమడుగు హక్కు పోదు. ప్రమాదమైన ఆరు నెలలలోపల ట్రిబ్యునలులో దరఖాస్తు వేయవలెను. ఎదుటి బండికి బీమా లేనందున తీర్పుసొమ్ము దాని యజమానియే చెల్లింపవలెను. అతనివద్ద లేకున్నచో? ఇందులకే 2018లో సుప్రీంకోర్టు రాష్ట్రములన్నిటిని ఒక నియమము చేయుమని యాజ్ఞాపించినది: బీమా లేక ప్రమాదము చేసిన బండిని యజమాని తగిన హామీ చూపువరకు విడువరాదు, మూడు నెలలలో చూపనిచో వేలము వేసి యా సొమ్మును ట్రిబ్యునలులో జమకట్టవలెను. ఆ సాయంకాలము నేను సంతకము చేసియుండినచో ఆ కారు తనదారిన తాను పోయెడిది.

మా కాగితమును దాచక స్టేషనులో నిచ్చి, కట్టవలసిన జరిమానా కట్టితిమి. క్రొత్త బీమా తీసికొంటిమి.

పదిదినములకు ఆ యువకుని భార్య చంకబిడ్డతో, అరటిపండ్లతో మా గుమ్మమున నిలిచినది. “కారు పోతే మాకింకేం లేదక్కా, అప్పు చేసి కొన్నాం” అన్నది. ఆమెకు కాఫీ యిచ్చి, మా పాత కాగితము నెదుట పెట్టితిని. తేదీ చదివి, “మీక్కూడా లేదా!” అని తెల్లబోయినది. అటుపిమ్మట నవ్వితిమో, ఏడ్చితిమో చెప్పజాలను. ఐనను దరఖాస్తు మానుకొందునని చెప్పలేకపోతిని. మావారిది ప్రైవేటు బడి. మూడు నెలలు జీతము లేని సెలవు. హామీ యేదేని చూపినచో కారు విడుతురని, తమ వకీలు నడుగుమని మాత్రము చెప్పి పంపితిని.

తరువాత ఆమె తండ్రి పొలము కాగితములు పట్టుకొని కోర్టుకు వచ్చెనని వింటిని. మావారిప్పుడు చేతికఱ్ఱతో బస్సెక్కి బడికి పోవుచున్నారు. మా వాయిదా వచ్చు నెలలో నున్నది.