అమ్మ చెప్పింది, కుర్రాడూ చెప్పాడు

మట్టితో 20 ఏళ్లు పనిచేసినవాణ్ణి. చేతికి మట్టి అంటకుండా చేసిన మొదటి పెద్ద బొమ్మ నిలబడలేదు. తప్పు నాది. దాన్ని తీసుకెళ్లి ఇంకొకరి నెత్తిన వేశాను.

ఒక బడి ఆవరణలో పెట్టడానికి వరినాట్లు వేస్తున్న ఆడమనిషి బొమ్మ కావాలన్నారు. మనిషంత కొలతలో, కంచుతో. మామూలుగా అయితే ముందు అడుగెత్తు మట్టి నమూనా చేస్తాను. అప్పటికే బ్రిటిష్ చిత్రకారుడు జొనాథన్ యో సంగతి చదివి ఉన్నాను. టిల్ట్ బ్రష్ అనే వర్చువల్ రియాలిటీ యాప్‌తో గాలిలో తన రూపం తానే గీసుకుని, కంచులో పోత పోయించి, 2018లో లండన్ రాయల్ అకాడమీలో చూపించాడాయన. ఆయన చేసింది తల బొమ్మ. కాళ్ల మీద నిలబడాల్సిన పని దానికి లేదు. ఆ తేడా నాకు తట్టనే లేదు.

2021లో గూగుల్ టిల్ట్ బ్రష్ కోడ్‌ను అందరికీ వదిలేశాక దాంట్లోంచి ఓపెన్ బ్రష్ పుట్టింది. నేను గీసింది అందులో. హెడ్‌సెట్ తగిలించుకుని, కంట్రోలర్ పట్టుకుని గది మధ్య నిలబడితే, చెయ్యి ఎటు పోతే అటు రంగు గాలిలో నిలిచిపోతుంది. వెన్ను వంపును మెడ నుంచి నడుము దాకా ఒక్క ఊపులో లాగాను. మట్టిలో ఆ వంపు కుదరడానికి వారం పట్టేది. బొమ్మ కడుపులోకి నడిచి వెళ్లి, లోపలి నుంచి వీపును చూశాను. మూడు రాత్రులు నిద్ర పోలేదు. ఆ సంతోషం ఉత్తదని ఇప్పటికీ అనను.

ఊరి నుంచి వచ్చిన అమ్మకు హెడ్‌సెట్ పెట్టి చూపించాను. 30 ఏళ్లు నాట్లేసిన మనిషి. చుట్టూ తిరిగి చూసింది. చీర ఎగదోపిన చోట తడమబోతే చెయ్యి ఇటునుంచి అటు వెళ్లిపోయింది. "ఇలా వంగితే బురదలో బోర్లా పడతాం కదరా" అంది. కళ్లజోడు లేదు కదా, సరిగ్గా కనబడి ఉండదులే అనుకున్నాను.

కంచు పోతకు ముందు నమూనా ప్రింటు తీయించడానికి వెళ్తే, త్రీడీ ప్రింటింగ్ షాపులో కుర్రాడు ఫైలు తెరిచి, "సార్, గీతలకు మందమే లేదు, రిబ్బన్లలా ఉన్నాయి. కొన్ని ఒకదానికొకటి అంటుకోనే లేదు" అన్నాడు. మందం ఎక్కించి కలిపెయ్యమన్నాను. వారం తర్వాత ఫోన్ చేసి, "కాళ్ల దగ్గర బరువు ఆగేలా లేదు సార్, ఒకసారి వచ్చి చూస్తారా" అన్నాడు. వెళ్లలేదు. కానిచ్చెయ్యమన్నాను.

ముక్కలు అతికించి నిలబెట్టిన సాయంత్రమే బొమ్మ ముందుకు ఒరిగి, చీలమండల దగ్గర విరిగింది. బడివాళ్ల ముందే ఆ కుర్రాడి మీద అరిచాను. పని రాదన్నాను. అతను తల వంచుకుని విరిగిన ముక్కలు ఏరాడు. నాకు ఫోన్ చేసిన సంగతి వాళ్లకు చెప్పనే లేదు.

ఆ రాత్రి గోడకు మడమలు ఆనించి నిలబడి, నేల మీది పెన్సిల్ కోసం నడుం వంచాను. అందలేదు, ముందుకు తూలాను. మనిషి వంగాలంటే పిరుదులు మడమల వెనక్కి పోవాలి, గోడ పోనివ్వదు. నా బొమ్మకు నడుము సరిగ్గా పాదాల మీదే ఉంది, పైభాగమంతా ముందుకు చాచి ఉంది. దేనికీ బరువు లేని చోట గీశాను కాబట్టి అది అందంగానే కనబడింది. మట్టి పనిలో అయితే ఇనప చట్రం కట్టేటప్పుడే కడ్డీ తూలి చెప్పేసేది.

మర్నాడు షాపుకు వెళ్లి, ఓనరు ముందే ఆ కుర్రాడికి క్షమాపణ చెప్పాను. "పర్లేదు సార్" అన్నాడు గానీ నా వైపు చూడలేదు. బడివాళ్లకు ఉన్నదున్నట్టు చెప్పి అడ్వాన్సు వెనక్కి ఇవ్వబోయాను. వాళ్లు తీసుకోలేదు, ఇంకో మూడు నెలలు గడువిచ్చారు.

రెండోసారి హెడ్‌సెట్ ముట్టుకోకముందు అమ్మను పెరట్లో నాటేస్తున్నట్టు వంగమన్నాను. పాదాల చుట్టూ సుద్దతో గీశాను. ఆమె తుంటి వెనక నుంచి దారానికి గుండు కట్టి వదిలాను. అది మడమలకు జానెడు వెనక వచ్చి ఆగింది. నేను అక్కడ గుర్తు పెడుతుంటే, "నాట్లకైతే కూలిచ్చేవాళ్లు, ఇంకెంతసేపురా" అంది అమ్మ.