వినకుండానే మొక్కిన రికార్డు

పోయిన భాగంలో బ్లాక్ సబ్బాత్ గురించి రాశాక, మెటల్ ముచ్చట్లు ఇక చాలనుకున్నాను. కానీ ఒక బాకీ మిగిలింది. తీర్చకపోతే నాకే బాగోదు.

ఎవరు మెటాలికా ఊసెత్తినా ఏళ్ల తరబడి నేను ఒకటే డైలాగ్ కొట్టేవాణ్ణి: "అసలు మూలం డైమండ్ హెడ్ తమ్ముడూ. 1980లో వచ్చిన వాళ్ల మొదటి ఆల్బం వినకపోతే థ్రాష్ ఎక్కణ్ణుంచి పుట్టిందో నీకు తెలీదు." ఎదుటివాడు తలూపేవాడు. వాడూ విని ఉండడు, నేనూ వినలేదు.

మొన్న టీ కొట్టు దగ్గర ఒక డిగ్రీ కుర్రాడు అడిగాడు, "అన్నా, అందులో మొదటి పాట ఏది?"

నోరు పెగల్లేదు. పుస్తకం తెరవకుండా అంబేడ్కర్‌కి దండలేసే వాళ్లని ఇదే గోడ మీద నేను ఎన్నిసార్లు ఉతికానో మీకు గుర్తుండే ఉంటుంది.

కథ మాత్రం నాకు కంఠతా వచ్చు. ఇంగ్లండ్‌లో స్టౌర్‌బ్రిడ్జ్ అనే ఊరి కుర్రాళ్లు. పెద్ద కంపెనీ ఏదీ తీసుకోకపోతే రికార్డు తామే అచ్చేయించుకున్నారు, వెయ్యి కాపీలు. తెల్ల అట్ట. బొమ్మ లేదు, పేరు లేదు, బ్యాండ్‌లో ఒకరి సంతకం ఉంటుంది, అంతే. కచేరీల దగ్గరా, పోస్టులోనూ అమ్ముకున్నారు. 1981లో లార్స్ ఉల్‌రిక్ అనే 17 ఏళ్ల పిల్లాడు వాళ్ల కోసం అమెరికా నుంచి ఇంగ్లండ్ వెళ్లాడు, కచేరీ చూశాడు, వాళ్లింట్లోనే మకాం పెట్టాడు. తిరిగొచ్చాక ఆ ఏడే మెటాలికా మొదలైంది. తొలి రోజుల్లో వీళ్లు డైమండ్ హెడ్ పాటలు వాయించేవాళ్లు, అవి ఎవరివో జనానికి చెప్పకుండా! తర్వాత పేరు వేశారు, రాయల్టీ కట్టారు. ఆ డబ్బు తనని ఆదుకుందని గిటారిస్టు బ్రయాన్ టాట్లరే చెప్పాడు. ఆ మేరకు లెక్క సరిపోయింది.

నా దొంగతనం బయటపడకపోవడానికి కారణం 1998 నాటి 'గరాజ్ ఇంక్'. ఆ తెల్ల అట్ట రికార్డులో ఉన్నవి 7 పాటలు. అందులో 4 మెటాలికా గొంతుతో అక్కడ ఉన్నాయి. అంటే సగానికి పైగా ఆల్బం విన్నట్టే అనుకున్నాను.

విన్నట్టు కాదని ఆ రాత్రే తెలిసింది. షాన్ హారిస్ గొంతులో ఒక హొయలుంది, లెడ్ జెప్పెలిన్ వాసన కొడుతుంది. పాటలు తీరిగ్గా నడుస్తాయి, ఒక్కోచోట మరీ సాగదీస్తారు కూడా. మెటాలికా ఇందులోంచి బరువు తీసుకుంది, కోపం కలుపుకుంది, సరదాని వదిలేసింది. 'యామ్ ఐ ఈవిల్'లో ఇన్నేళ్లూ మెటాలికాదే అనుకుని మురిసిన గిటార్ సోలో టాట్లర్‌ది. 'ఇట్స్ ఎలక్ట్రిక్' మూడుసార్లు వేసుకున్నాను.

ఇలాంటిదే రిపల్షన్ వాళ్ల 'హారిఫైడ్'. మిషిగన్‌లో ఫ్లింట్ కుర్రాళ్లు 1986లో రికార్డు చేశారు. 18 పాటలు, అరగంటకి లోపే అయిపోతాయి. ఆల్బంగా వచ్చింది 1989లో. ఈ మధ్యలో అది క్యాసెట్ నుంచి క్యాసెట్‌కి ఎక్కి, పోస్టులో దేశాలు దాటింది. నేపామ్ డెత్ 'స్కమ్' 1987లోనే వచ్చేసింది. తండ్రి కంటే ముందు కొడుకు బజారున పడ్డాడన్నమాట! చివరికి దాన్ని బయటికి తెచ్చింది కూడా కార్కస్ బ్యాండ్ వాళ్లే, అంటే దాన్ని విని ఎదిగినవాళ్లే.

అందరికీ ఆ రాత ఉండదు. అదే మిషిగన్‌లో, డెట్రాయిట్‌లో ముగ్గురు నల్లజాతి అన్నదమ్ములు, హాక్నీలు. బ్యాండ్ పేరు డెత్. (మెటల్ కాదు, పంక్ అంటారు. పంక్ పుట్టకముందు పంక్.) 1975లో పాటలు రికార్డు చేశారు. పేరు మార్చుకోమంటే ఒప్పుకోలేదు, ఒప్పందం పోయింది. సొంతంగా ఒక సింగిల్ 500 కాపీలు వేశారు. ఆల్బం బయటికొచ్చేసరికి 2009. పెద్దవాడు డేవిడ్ 2000లోనే చనిపోయాడు. ఆ వెయ్యిలో ఒకటి లార్స్ దాకా వెళ్లింది. ఈ 500లో ఏదీ అలాంటి వాడి చేతిలో పడలేదు. ఇప్పుడు వాళ్లని పంక్‌కి తాతలంటున్నారు. మనవలేమో తాతని వినకుండానే పెరిగారు.

పొద్దున్నే ఆ కుర్రాడికి ఫోన్ చేశాను. "మొదటిది టైటిల్ పాటే రా, లైట్నింగ్ టు ద నేషన్స్" అన్నాను.

"అవునా అన్నా? నేనూ వినలేదు. నిన్నడిగి తెలుసుకుందామనే అడిగా" అన్నాడు.