ఊరకుండిన తండ్రి

హోసూరులోని మా యింట సాయంకాలమున మనుమనితోపాటు మేమును ‘బ్లూయీ’ యను బొమ్మల కార్టూను చూచుచుందుము. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేను నగరమున జో బ్రమ్ కల్పించిన యీ కథలు 2018లో వెలువడినవి. ఒక్కొక్కటి సుమారు ఏడు నిమిషములు. అది కుక్కల కుటుంబము. తండ్రి బాండిట్ పురావస్తు శాస్త్రజ్ఞుడు. అయినను బిడ్డలకు గుఱ్ఱమై వంగుటకు సిగ్గుపడడు. మా తండ్రిగారు చూచియున్నచో మోము త్రిప్పుకొనియుందురు!

ఒక కథలో బ్లూయీకి సైకిలు త్రొక్కుట రాక కోపము వచ్చును. తండ్రి లేచి పట్టుకొనడు. ప్రక్కన కూర్చుండబెట్టుకొని, నీటి కుళాయి అందక తంటాలు పడు చెల్లెలు బింగోను, సంచి తగిలించుకొనలేని మఫిన్‌ను చూడుమనును. వారు పలుమార్లు ఓడి, తుదకు ఎవరి యుపాయము వారే కనుగొందురు. అది చూచి బ్లూయీ తానై సైకిలు కడకు పోవును.

మాకు సిగ్గు కలిగినది. మావాడు బడిలో తమిళము చదువును. తెలుగు ఇంటి చదువే. వాడొక యక్షరము కడ ఆగిన క్షణమే మేము అందించుచుంటిమి. ఒకనాడు పుస్తకము మా ఒడిలో పడవేసి, “నువ్వే చదువుకో తాతా” అని పోయెను. వారము దినములు దానిని ముట్టలేదు.

పిమ్మట తానే తెచ్చెను. ‘వృక్షము’ కడ ఆగెను. మేము పెదవులు బిగించితిమి. అవ్వ మాత్ర మొకసారి దగ్గెను. వాడు వ్రేలు పెట్టి, కూడబలుకుకొని, నాలుగవ సారికి చదివెను.