ట్రంకు పెట్టెలోని డీవీడీలు

– ఒక పూర్వ విద్యార్థి (పదో తరగతి, 2002 బ్యాచ్)



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు నీళ్ళ చారు గురించో, తెల్లవారుజామున లేపే స్టడీ అవర్ గురించో రాద్దామనుకున్నాను. అవి ఇప్పటికే మనవాళ్ళు చాలామంది రాశారు, నాకంటే బాగా రాశారు. అందుకని ఈ మధ్య నేను చేసిన ఒక పని గురించి రాస్తున్నాను. నా దగ్గర ఉన్న డీవీడీలను హార్డ్ డిస్కులోకి ఎక్కించాను. ఎక్కించడానికి పట్టిన సమయం కన్నా ఏ సాఫ్ట్‌వేర్ వాడాలో తేల్చుకోవడానికే ఎక్కువ సమయం పట్టింది. ఇందులో మన హాస్టల్ సంగతి కూడా ఉంది కాబట్టి కాస్త ఓపిక పట్టి చదవండి.

ఆరో తరగతిలో హాస్టల్‌కు వచ్చేటప్పుడు మా నాయన సంతలో కొనిచ్చిన ట్రంకు పెట్టె ఇంకా నా దగ్గరే ఉంది. ఒకప్పుడు కంచం, గ్లాసు, రెండు జతల బట్టలు ఉన్న ఆ పెట్టెలో ఇప్పుడు 143 డిస్కులు ఉన్నాయి. చాలా ఏళ్ళు అది మా ఊర్లో రేకుల ఇంట్లోనే ఉండింది. డిస్కులో రాసుకునే పొర ఒక రకమైన రంగు. ఎండకూ వేడికీ ఆ రంగు దెబ్బతింటుంది. అందుకే పైకి ఒక్క గీత కూడా లేని డిస్కులు సైతం మధ్యలో ఆగిపోవడం మొదలైంది. ఇప్పటి తమ్ముళ్ళు కొందరు డీవీడీని చేత్తో పట్టుకొని ఉండకపోవచ్చు, కానీ 2005 నుండి పదేళ్ళపాటు మన ఇళ్ళల్లో పెళ్ళి, ఫంక్షన్, చదువు, సినిమా అన్నీ ఆ పళ్ళెంలోనే ఉండేవి.

మొదట నేను చేసింది డిస్కులను మూడు కుప్పలు పెట్టడం. సాఫ్ట్‌వేర్ కన్నా ముందు చేయాల్సిన పని ఇదేనని నా అభిప్రాయం. 61 సినిమాలు. 34 కంప్యూటర్ ఫైళ్ళు, ఫోటోలు. మిగిలిన 48 ఫంక్షన్లవి: చెల్లి పెళ్ళి, మేనల్లుడి పుట్టు వెంట్రుకలు, మన హాస్టల్ వార్షికోత్సవాలు. సినిమా పాడైతే ఇంకోచోట దొరుకుతుంది. ఫంక్షన్ డిస్కు పోతే లోకంలో ఇంకెక్కడా దొరకదు. ఈ తేడా తెలిశాక సాఫ్ట్‌వేర్ ఎంపిక సగం తేలిపోయింది.

డీవీడీని భద్రపరచడం అంటే అందరికీ ఒకే అర్థం కాదు. ఉన్నది ఉన్నట్టు, మెనూలతో సహా మొత్తం డిస్కును ఒకే ఫైలుగా తీసుకోవడం ఒక పద్ధతి. దాన్ని ఐఎస్‌ఓ ఫైలు అంటారు. వీడియోను చెక్కుచెదరకుండా తీసి వేరే డబ్బాలో పెట్టడం ఇంకో పద్ధతి. మేక్‌ఎంకేవీ చేసేది అదే. మూడోది వీడియోను మళ్ళీ కుదించి ఫోనుకు సరిపోయేలా చిన్న ఫైలు చేయడం. 2003లో మొదలైన హ్యాండ్‌బ్రేక్ ఈ పనికి పేరుపొందింది, ఉచితం కూడా. అయితే కుదించినప్పుడు కొంత పోతుంది, పోయింది తిరిగి రాదు. అందుచేత ముందు మొదటి పద్ధతిలో తీసి పెట్టుకొని, ఆ ఫైలు నుండి మూడో పద్ధతికి వెళ్ళడం మంచిది. ఎప్పటికైనా ఇంతకంటే మంచి సాఫ్ట్‌వేర్ వస్తే మళ్ళీ ఆ ఫైలు నుండే చేసుకోవచ్చు.

పాత రోజుల్లో ఈ పని చేసినవాళ్ళు డీవీడీ ష్రింక్ పేరు చెబుతారు. మామూలు ఖాళీ డిస్కులో 4.7 జీబీ పడుతుంది (కంప్యూటర్ దాన్నే 4.38 అని చూపిస్తుంది, షాపువాడు మోసం చేశాడని అనుకోకండి). కంపెనీ సినిమాలు రెండు పొరల డిస్కులో 8.5 జీబీ వరకు ఉండేవి. ఆ ఎనిమిదిన్నరను నాలుగున్నరకు దించడమే ష్రింక్ పని. ఖాళీ డిస్కు ఖరీదు చూసుకొనే కాలంలో అది గొప్ప సాయం. ఇప్పుడు ఒక టీబీ హార్డ్ డిస్కులో నా పెట్టెలోవన్నీ పెట్టినా ఇంకా చోటు మిగులుతుంది. చోటు కోసం నాణ్యత తగ్గించుకోవాల్సిన అవసరమే లేదు.

ఇక డబ్బు పెట్టి కొనే సాఫ్ట్‌వేర్లు. ఒక్క నొక్కుతో పని అయిపోతుందని ప్రకటనలు ఉంటాయి. వాటిలో ఒకదాని ట్రయల్ వేసి చూశాను. తీసిన వీడియో మీద అడ్డంగా ఆ కంపెనీ పేరు పడింది. ఆ పేరు పోవాలంటే డాలర్లలో కట్టాలి. కట్టగలిగినవాళ్ళు కట్టవచ్చు. కానీ మన ఫంక్షన్ డిస్కులకు ఏ తాళమూ ఉండదు, తాళం లేని తలుపుకు తాళం తీసేవాణ్ణి డబ్బిచ్చి పిలవడం ఎందుకు?

తాళం గురించి కూడా రెండు మాటలు చెప్పాలి. కంపెనీ సినిమా డీవీడీల్లో చాలావాటికి సీఎస్‌ఎస్ అనే తాళం ఉంటుంది. 1999లో ఆ తాళం తీసే ప్రోగ్రాం బయటికి వచ్చింది. ఆ కేసులో నార్వేకు చెందిన జాన్ లెక్ జొహాన్సెన్ అనే కుర్రవాడిపై విచారణ జరిగింది, 2003లో అతడు నిర్దోషిగా బయటపడ్డాడు. మన దేశంలో 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించి, హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో ఇలాంటి తాళం తప్పిస్తే రెండేళ్ళ వరకు జైలు, జరిమానా అన్నారు. సొంత వాడకానికి న్యాయమైన వాడుక అనే మినహాయింపు కూడా అదే చట్టంలో ఉంది. లాయర్లు ఎలా చెప్పినా, నేను తాళం ఉన్న సినిమాలను ముట్టుకోలేదు. అవి ఆడినన్నాళ్ళు ఆడతాయి. ఇమ్‌గ్‌బర్న్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో చదివించి చూస్తే తాళం ఉన్న డిస్కును అదే వద్దంటుంది. వద్దననివి పన్నెండు దొరికాయి, వాటిని తీసుకున్నాను. జబ్బార్ పటేల్ తీసిన అంబేద్కర్ సినిమా డిస్కు పెట్టెలో ఉంది గానీ, దాన్ని అలాగే కవరులో పెట్టి అల్మారాలోకి మార్చాను. మమ్ముట్టికి జాతీయ అవార్డు తెచ్చిన సినిమా అది. ఏప్రిల్ 14న తమ్ముళ్ళకు చూపించాలంటే డిస్కుతో సహా నేనే వస్తాను.

ఫైళ్ళ డిస్కుల పని సులువు, మామూలుగా కాపీ చేస్తే చాలు. అసలు కష్టం ఫంక్షన్ డిస్కుల దగ్గర వచ్చింది. మన 2008 వార్షికోత్సవం డిస్కు 38వ నిమిషంలో ఆగిపోయింది.

ఆ డిస్కు నాకెందుకు ముఖ్యమో చెప్పాలి. అప్పట్లో మనకు వండిపెట్టిన పెద్దమ్మ మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆమె 2015లో చనిపోయింది. నిరుడు వాళ్ళ అబ్బాయి ఫోన్ చేసి, “అన్నా, మా అమ్మ స్టేజీ మీద మాట్లాడింది నీ సీడీల ఉన్నదంట గదా” అన్నాడు. వాళ్ళింట్లో రేషన్ కార్డు ఫోటో తప్ప ఆమె బొమ్మ ఇంకొకటి లేదు. గొంతు అసలే లేదు. ఆ రోజు వార్డెన్ సారు ఆమెను పిలిచి చీర పెట్టి మైకు చేతికిచ్చారు. అదంతా కలిపి నలభై సెకన్లు. డిస్కు ఆగింది సరిగ్గా అక్కడే.

విండోస్‌లో మామూలుగా కాపీ చేస్తే మొదటి చెడ్డ చోటు తగలగానే తప్పు చూపించి ఆగిపోతుంది. పైన చెప్పిన సాఫ్ట్‌వేర్లు మంచివే, కానీ అవి ఆరోగ్యంగా ఉన్న డిస్కు కోసం చేసినవి. జబ్బు చేసిన డిస్కుకు గ్నూ డీడీరెస్క్యూ కావాలి. ఉచితం, లైనక్స్‌లో నడుస్తుంది. నేను ఉబుంటును పెన్ డ్రైవ్‌లో వేసుకొని దాని నుండే కంప్యూటర్ ఆన్ చేశాను. బొమ్మలూ బటన్లూ ఉండవు, నల్లటి తెర మీద ఆజ్ఞ టైపు చేయాలి. చూసి జంకకండి, లెక్కల సారు బెత్తం కన్నా భయపెట్టేదేమీ కాదు.

అది చేసే పని మన చదువులాంటిదే. ప్రశ్నపత్రంలో వచ్చినవన్నీ ముందు రాసేసి, రానివాటి దగ్గర ఆగకుండా దాటిపోయి, చివర్లో మళ్ళీ వాటి మీద కూర్చుంటుంది. డీవీడీలో 2048 బైట్ల చొప్పున దాదాపు 23 లక్షల ముక్కలు పడతాయి. ఏ ముక్క వచ్చింది, ఏది రాలేదు అన్నది ఒక చిన్న పటం ఫైలులో రాసుకుంటుంది. కరెంటు పోయినా ఆగిన చోటు నుండే మొదలుపెడుతుంది. ఒక డ్రైవు చదవలేని ముక్కను ఇంకో డ్రైవు చదవవచ్చు కాబట్టి నేను మూడు డ్రైవులు మార్చాను. ఒకటి సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్న పాతది, అదే అన్నింటికన్నా బాగా చదివింది. అయినా ఆ నడుమ 31 ఎంబీ రాలేదు. సుమారు అర నిమిషం.

అప్పుడు ఆ పటం ఫైలు విలువ తెలిసింది. స్టూడియో అతను ఆ ఏడాది ఒకే మాస్టర్ నుండి అందరికీ కాపీలు కొట్టి ఇచ్చాడు. అంటే ఒక కాపీలోని పదివేలవ ముక్క ఇంకో కాపీలోనూ అదే. సూర్యాపేటలో ఉన్న నా బెంచీమేటు దగ్గరి కాపీ తెప్పించాను. అతని డిస్కు మీద పిల్లలు గీసిన గీతలు నా దానికంటే ఎక్కువ. కానీ చెడిపోయిన చోట్లు వేరు. అదే పటం ఫైలు ఇచ్చి రెండో డిస్కు పెడితే, సాఫ్ట్‌వేర్ వచ్చినవాటిని వదిలేసి రానివాటినే అడిగి తెచ్చుకుంది. ఆ 31 ఎంబీలో 26 ముక్కలు తప్ప అన్నీ నిండాయి. పెద్దమ్మ చెంప మీద ఒక్క క్షణం ఆకుపచ్చ గళ్ళు వస్తాయి, అంతే.

ఆమె మాట్లాడింది ఒకటే మాట. “మైకొద్దు సారూ, పొయ్యి మీద పప్పున్నది, మాడుతది.” తర్వాత హాలంతా నవ్వులు.

ఆ నలభై సెకన్లను హ్యాండ్‌బ్రేక్‌లో చిన్న ఎంపీ4 చేసి వాళ్ళ అబ్బాయి ఫోనుకు పంపాను. ఇక్కడ ఒక జాగ్రత్త. పాత కెమెరా వీడియోలో చెయ్యి కదిలినప్పుడల్లా దువ్వెన పళ్ళలా గీతలు వస్తాయి. డీఇంటర్లేస్ అనే చోట టిక్కు పెడితే పోతాయి. పెద్ద ఫైలు మాత్రం కుదించకుండా అలాగే ఉంచాను, ఒకటి నా దగ్గర, ఒకటి తమ్ముడి ఇంట్లో. ఎండీ5 అనే లెక్క కట్టించి రెండూ ఒక్కటేనని చూసుకున్నాను. ఆ అబ్బాయి రెండు రోజులు ఏమీ అనలేదు. మూడో రోజు, “అన్నా, ఇంక కొంచెం పెద్దగ వినపడేటట్టు చెయ్యొస్తదా” అని మెసేజ్ పెట్టాడు. చేసి పంపాను.

డిస్కు లోపలి నుండి అంచువైపుకు రాసుకుంటూ పోతుంది. అంచు ముందు పాడవుతుంది. అందువల్ల 2008 డిస్కులో చివరి నాలుగు నిమిషాలు రెండు కాపీల్లోనూ రాలేదు. అప్పటి మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలు వరుసగా వచ్చి మైకులో పేరు, ఊరు చెప్పిన భాగం అది. ఈ సంచిక చదివేవాళ్ళలో ఆ పిల్లలు ఉంటారు, ఇప్పుడు వాళ్ళకు పిల్లలు ఉండి ఉంటారు. స్టూడియో వాళ్ళు ఆ ఏడాది పాతిక కాపీలు ఇచ్చినట్టు నాకు గుర్తు. మీ ఇంట్లో ఒకటి ఉంటే, ఆడకపోయినా, గీతలు పడినా పారేయకండి. దుమ్ము తుడవాలనిపిస్తే మెత్తటి గుడ్డతో నడుమ నుండి అంచుకు తుడవండి, గుండ్రంగా రుద్దకండి. స్టిక్కరు అంటించి ఉంటే పీకకండి. వార్షికోత్సవం రోజు నేను డైనింగ్ హాలు దగ్గర డ్రైవు, లాప్‌టాప్ పెట్టుకొని కూర్చుంటాను. డిస్కు అక్కడికి తెచ్చి ఇవ్వండి, భోజనాలు అయ్యేలోపు మొదటి విడత చదివించి మీది మీకు ఇచ్చేస్తాను.