జీతాల పట్టికలో పదిహేను పేర్లు

బాస్కెట్‌బాల్ ఆటను గూర్చి వ్రాయడానికి తెలుగు చెప్పుకునేవానికి ఏమి అధికారమని పాఠకులకు సందేహం కలుగవచ్చును. అధికారమేమీ లేదు, కారణం మాత్రం ఉన్నది. నిరుడు వర్షాకాలంలో ఛందస్సు పాఠం ముగిసిన పిమ్మట, మన కళాశాల జట్టులో ఆడే ద్వితీయ సంవత్సరం విద్యార్థి ఒకడు నా వెంట స్టాఫు రూము దాకా వచ్చి, “సార్, చేతిలో ఉన్న మంచి ఆటగాణ్ణి ఏ జట్టయినా తెలిసి తెలిసి వదులుకుంటుందా?” అని అడిగాడు. అతని ప్రశ్న అమెరికాలో ఎన్.బి.ఏ. పోటీలలో ఆడే ఓక్లహోమా సిటీ థండర్ జట్టును గురించినది. నాకు సమాధానం తెలియలేదు. తెలుసుకుందామని కూర్చున్నవాణ్ణి, ఆ లెక్కలలో నా పాత గాయమొకటి కనిపించడంతో వెంటనే లేవలేకపోయాను.

ముందుగా ఆ లెక్క ఎట్టిదో చెప్పాలి. అక్కడ ఒక్కొక్క జట్టు తన ఆటగాళ్ళకిచ్చే జీతాల మొత్తానికి ఒక హద్దు ఉన్నది. దానిని శాలరీ క్యాప్ అంటారు. 1984-85లో 36 లక్షల డాలర్లతో మొదలైన ఈ హద్దు, 2012-13 నాటికి 5 కోట్ల 80 లక్షల డాలర్లయింది. డబ్బున్న యజమాని మేటి ఆటగాళ్ళనందరినీ తన గూటికే చేర్చుకోకుండా చూడడం దీని ఉద్దేశం. ఐతే ఇది దాటరాని గోడ కాదు. కొంతకాలంగా తన వద్దనే ఆడుతున్న వానిని నిలుపుకొనడానికి జట్టు ఈ హద్దును దాటవచ్చును. బోస్టన్ ఆటగాడు లారీ బర్డ్ పేరు మీద ఆ మినహాయింపును పిలుస్తారు. మరీ పైకి పోతే మాత్రం లగ్జరీ టాక్సు కట్టాలి. 2011 నాటి ఒప్పందం ఈ పన్నును కఠినం చేసింది. అంతకు ముందు అదనపు డాలరుకు ఒక డాలరు కట్టేవారు, 2013-14 నుండి అది కనీసం డాలరున్నర అయింది. ఏటేటా దాటేవారికి ఇంకా ఎక్కువ. విచిత్రమేమంటే, మరీ తక్కువ ఖర్చు పెట్టినా ఒప్పుకోరు. హద్దులో నూటికి తొంభై వంతులైనా జీతాల కింద పోవలసిందే. (ఇట్టి నిబంధన మన ప్రాంతంలోని కొన్ని విద్యాసంస్థలకు కూడా ఉంటే ఎంత బాగుండునని ఒక్క క్షణం అనుకున్నాను.) ఇక సీజను నడుస్తుండగా పూర్తి ఒప్పందం గల ఆటగాళ్ళు పదిహేనుమందికి మించరాదు. పదహారవవాడు కావాలంటే ఒక పేరు కొట్టివేయవలసిందే.

ఇప్పుడు థండర్ జట్టు సంగతి. దాని మేనేజరు శామ్ ప్రెస్టి 2007 నుండి 2009 వరకు డ్రాఫ్టులో ఒకరి తరువాత ఒకరుగా కుర్రవాళ్ళను ఎంచుకున్నాడు. కెవిన్ డ్యురాంట్, రస్సెల్ వెస్ట్‌బ్రూక్, సెర్జ్ ఇబాకా, జేమ్స్ హార్డెన్. ఈ నలుగురూ ఇరవై నాలుగేళ్ళు నిండకుండానే 2012లో జట్టును ఫైనల్సుకు చేర్చి, మయామీ చేతిలో 4-1 తేడాతో ఓడారు. ఓడినా అందరూ వచ్చే పదేళ్ళు వీరివేనన్నారు. డ్యురాంటుకు, వెస్ట్‌బ్రూక్‌కు పెద్ద ఒప్పందాలు అప్పటికే అయిపోయినవి. ఆ ఆగస్టులో ఇబాకాకు నాలుగేళ్ళకు సుమారు 4 కోట్ల 80 లక్షల డాలర్లు ఇచ్చారు. మిగిలినవాడు హార్డెన్. ఆరంభంలో బెంచీ మీద కూర్చుండి తరువాత దిగి ఆట తిప్పేవారిలో ఆ ఏటి ఉత్తముడిగా బహుమతి పొందినవాడు. అతనికి నాలుగేళ్ళకు ఐదున్నర కోట్ల డాలర్ల వరకు ఇస్తామన్నారు. నియమాల ప్రకారం అతనికి దక్కగల గరిష్ఠం ఆరు కోట్లకు చేరువ. ఆ తేడా దగ్గర మాట తెగింది. 2012 అక్టోబరు 27న, సీజను మొదలు కావడానికి మూడు రోజుల ముందు, అతనిని హ్యూస్టనుకు పంపివేశారు. అక్కడ మొదటి ఆటలో 37 పాయింట్లు, రెండవ ఆటలో 45 పాయింట్లు సాధించాడు!

తరువాతి చరిత్ర మేనేజరును వెక్కిరించినట్లే నడిచింది. డ్యురాంట్ 2014లో, వెస్ట్‌బ్రూక్ 2017లో, హార్డెన్ 2018లో ఎన్.బి.ఏ. ఉత్తమ ఆటగాళ్ళైనారు. ఒక్క బెంచీ మీద కూర్చున్న ముగ్గురు! 2016లో కొత్త టెలివిజన్ ఒప్పందపు డబ్బు వచ్చిపడి హద్దు 7 కోట్ల నుండి ఒక్కసారిగా 9 కోట్ల 40 లక్షలకు ఎగిరింది. ఆ ఏడే డ్యురాంట్ కూడా గోల్డెన్ స్టేట్ జట్టుకు వెళ్ళిపోయాడు. ఆ జట్టుకు అతని జీతం భరించే వీలు కలగడానికి, స్టీఫెన్ కరీ చీలమండ గాయాల రోజుల్లో 2012లో నాలుగేళ్ళకు 4 కోట్ల 40 లక్షలకే ఒప్పుకొని ఉండడం కూడా ఒక కారణం. ఒకని నొప్పి మరొకని రాకకు దారి అయింది.

ఇంతవరకు చెప్పగానే మా విద్యార్థి, “ఐతే సార్, వాళ్ళు చేసింది తప్పే గదా!” అన్నాడు. నేను కూడా కొన్నాళ్ళు అట్లే అనుకున్నాను. ఐతే హార్డెనుకు బదులుగా నిలుపుకున్న ఇబాకాను 2016లో ఇచ్చి ఒలాడిపో, సబోనిస్‌లను తెచ్చుకున్నారు. 2017లో ఆ ఇద్దరినీ ఇచ్చి పాల్ జార్జిని తెచ్చుకున్నారు. 2019లో అతనిని ఇచ్చి షే గిల్జియస్ అలెగ్జాండరును, గాలినారిని, ఐదు మొదటి రౌండు డ్రాఫ్టు హక్కులను పొందారు. ఆ షే నాయకుడుగా 2025లో థండర్ జట్టు ఇండియానాను 4-3 తేడాతో ఓడించి విజేత అయింది. మేనేజరు అదే ప్రెస్టి. 2012లో తీసిన లెక్కకు శేషం పదమూడేళ్ళకు తేలింది. దీనివల్ల అతడు ఆనాడు చేసినది ఒప్పయిందా? కాలేదనే నా అభిప్రాయం. ఆ యాభై లక్షల చిల్లర ఆనాడే ఇచ్చివేయవలసింది. ఐనా తప్పు చేసినవాడు అక్కడే కూర్చుండి, పుస్తకం మూయకుండా, మిగిలినదానితో పని చేసుకుపోయాడే, అది మాత్రం నాకు నచ్చింది.

ఇక నా గాయం. ఎం.ఏ. పూర్తి చేసిన తొలి రోజులలో ఒక ప్రైవేటు కళాశాలలో పార్టుటైం లెక్చరరుగా ఉన్నాను. రెండేళ్ళు గడిచిన తరువాత తెలుగుకు ఒక్క ఉద్యోగానికే డబ్బున్నదని తేలింది. నాకంటె పెద్దవారైన వేరొకరిని ఉంచుకున్నారు. ఉంచుకున్నందుకు నాకు కోపం లేదు. ఐతే ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. జూన్ నెలలో నోటీసు బోర్డు మీద టైంటేబులు చూస్తే నా పేరు లేదు. కింది నుండి పైకి మరొకసారి చదివాను. పక్కన నిలబడ్డ విద్యార్థులు, “మీ క్లాసు ఎప్పుడు సార్?” అని అడుగుతున్నారు. ఇంటికి వచ్చి అమ్మీకి మూడు రోజులు చెప్పలేదు. రోజూ టిఫిను డబ్బా పట్టుకొని బయలుదేరి బస్టాండులో కూర్చునేవాణ్ణి.

ఈ ఏడు అదే పట్టిక నా ముందుకు వచ్చింది. పార్టుటైం నియామకాలు చూసే ఉపసంఘంలో కమిటీ వారు నన్ను వేశారు. ఇద్దరిలో ఒక్కరికే వీలున్నది. ఒకరు ఎనిమిదేళ్ళుగా ఉన్నవారు, మరొకరు విద్యార్థులు మెచ్చిన కుర్రవాడు. ఇద్దరికీ సగం సగం గంటలు ఇద్దామని నేను వాదించాను. రెండు సగాలతో ఒక్క సంసారం కూడా నడవదని ఒక సభ్యుడు అన్నారు. ఆయన మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. పెద్దవారినే ఉంచాము. అది ఒప్పో తప్పో పదమూడేళ్ళ తరువాత ఎవరైనా లెక్క చూడవచ్చును.

టైంటేబులు బోర్డు ఎక్కడానికి వారం ముందు, మగ్రిబ్ నమాజు ముగించుకొని, ఆ కుర్రవాని ఇంటికి వెళ్ళాను. (అతడు అనుమతించినందుననే ఇది వ్రాస్తున్నాను.) నన్ను చూడగానే అతనికి అర్థమైపోయింది. “కూర్చోండి సార్” అని లోపలికి టీ చెప్పాడు. విషయమంతా చెప్పి, తెలిసిన రెండు కళాశాలలకు వ్రాసిన ఉత్తరాలు అతని చేతికిచ్చాను. అతడు వాటిని వెంటనే చదవలేదు. “ఇంకెవరికైనా తెలుసా సార్?” అని అడిగాడు. లేదన్నాను. “అట్లయితే మా నాన్నగారికి రేపు నేనే చెప్పుకుంటాను” అన్నాడు. టీ వచ్చింది. ఇద్దరమూ చాలాసేపు ఆటల గురించే మాట్లాడుకున్నాము.